కోతలకు వెళ్లిన చోట వైద్యం అందాలంటే: వలస వ్యవసాయ కూలీల కోసం అంచెలంచెల మార్గదర్శి

నాట్లకో కోతలకో వేరే చోటికి వెళ్లే కూలీల గురించి నన్ను ఎక్కువమంది అడిగే ప్రశ్న ఒకటే: "అక్కడ ఒంట్లో బాగోకపోతే ఏం చేయాలి?" జ్వరం వచ్చాక, తెలియని ఊళ్లో, రాత్రి పదింటికి ఈ ప్రశ్న అడిగితే మంచి జవాబు దొరకదు. ఆ జవాబు బయల్దేరడానికి మూడు వారాల ముందే తయారై ఉండాలి.

ఇది ముఠా మేస్త్రీల కోసం, కూలీల ఇళ్లలో చదువుకున్న పిల్లల కోసం, పనిలో పెట్టుకునే రైతుల కోసం, వాళ్లకు సాయపడే కార్యకర్తల కోసం రాశాను. వరుస తప్పకుండా చేసుకుంటూ పోండి. ముందు చేయాల్సినవి వదిలేస్తే తర్వాతివి చేయడం కష్టమవుతుంది.

## 1. మూడు వారాల ముందు: ఎవరికి ఏముందో తెలుసుకోండి

వెళ్లేవాళ్ల పేర్లు ఒక నోటుబుక్కులో రాయండి. తర్వాత ఒక్కొక్కరితో విడిగా, పక్కన ఎవరూ లేనప్పుడు మాట్లాడండి. పదిమంది ముందు అడిగితే మూర్ఛ ఉందనో, టీబీ మందులు వాడుతున్నాననో ఎవరూ చెప్పరు.

ఈ పని ఎవరు చేయాలన్నది కూడా ముఖ్యమే. జబ్బు సంగతి తెలిస్తే మేస్త్రీ పనికి తీసుకెళ్లడేమోనని చాలామంది దాచిపెడతారు. ఆ భయం ఊరికే పుట్టింది కాదు. అందుకే ముఠాలో అందరూ నమ్మే ఒక మనిషికి, వీలైతే ఒక ఆడమనిషికి కూడా, ఈ బాధ్యత ఇవ్వండి. నోటుబుక్కులో జబ్బు పేరు రాయనక్కర్లేదు. "రోజూ మందు ఉంది" అని రాస్తే చాలు. వివరాలు ఆ కూలీ దగ్గరే ఉండే కాగితాల్లో ఉంటాయి.

అడగాల్సినవి:

- రోజూ వేసుకునే మందు ఏదైనా ఉందా?
- పడని మందు ఏదైనా ఉందా? గతంలో ఏదైనా మందుకు దద్దుర్లు, ఆయాసం వచ్చాయా?
- రెండు వారాలకు మించి దగ్గు ఉందా? ఉంటే బయల్దేరే ముందే కఫం పరీక్ష చేయించాలి.
- గర్భంతో ఉన్నారా? ఎన్నో నెల?
- వెంట వచ్చే పిల్లలకు ఏ టీకా బాకీ ఉంది?
- ధనుర్వాతం ఇంజెక్షన్ చివరిసారి ఎప్పుడు చేయించుకున్నారు?
- ఏదైనా జరిగితే ఇంటి దగ్గర ఎవరికి ఫోన్ చేయాలి?

## 2. కాగితాల కవరు

మనిషి ఎక్కడికి వెళ్తే జబ్బు అక్కడికి వస్తుంది. జబ్బు తాలూకు కాగితాలు మాత్రం ఇంట్లో ట్రంకుపెట్టెలో ఉండిపోతాయి. వలస కూలీల వైద్యంలో సగం కష్టాలకు మూలం ఇదేనని నేను అనుకుంటాను. కొత్త డాక్టరు మళ్లీ మొదటి నుంచి పరీక్షలు రాస్తాడు. వాటికి డబ్బులుండవు, ఒక రోజు కూలి పోతుంది, దాంతో మనిషి మళ్లీ ఆసుపత్రి ముఖం చూడడు.

ఒక్కొక్కరికి ఒక ప్లాస్టిక్ కవరు, నీళ్లు లోపలికి వెళ్లకుండా మూసుకునేది, తీసుకోండి. అందులో ఉండాల్సినవి:

- గుర్తింపు కార్డు జిరాక్సు, ఆరోగ్య బీమా కార్డు జిరాక్సు
- చివరిసారి డాక్టరు రాసిన మందుల చీటీ
- చివరి రక్తపరీక్ష, ఎక్స్‌రే రిపోర్టులు
- గర్భిణి కార్డు, పిల్లల టీకాల కార్డు
- పాత డిశ్చార్జి కాగితం
- ఒక తెల్లకాగితం మీద పేరు, వయసు, పడని మందులు, ఇంటి ఫోన్ నంబరు

అన్నిటికీ ఫోటోలు తీసి ఇంటి దగ్గరుండే ఒకరికి పంపండి. ఫోన్ పోయినా, కవరు తడిసినా ఆ ఫోటోలు అక్కరకొస్తాయి. అసలు కార్డులు మేస్త్రీకో యజమానికో "భద్రంగా ఉంచండి" అని ఇవ్వకండి. అర్ధరాత్రి ఆసుపత్రికి పరుగెత్తాల్సి వస్తే ఆ కార్డు ఎవరి బీరువాలోనో ఉండకూడదు.

## 3. రోజూ వేసుకునే మందులు

మిమ్మల్ని చూస్తున్న డాక్టరుకో నర్సుకో "నేను ఇన్ని నెలలు ఇక్కడ ఉండను" అని ముందే చెప్పండి. తిడతారేమోనని చాలామంది చెప్పరు. చెబితే మూడు సాయాలు అడగవచ్చు: వీలైనన్ని ఎక్కువ రోజుల మందులు, వేరే ఆసుపత్రిలో చూపించడానికి ఒక లెటరు, చీటీ మీద మందు అసలు పేరు.

ఈ మూడోది చిన్న విషయంలా అనిపిస్తుంది గానీ చాలా అవసరం. కంపెనీ పెట్టే పేరు ప్రాంతానికో రకంగా మారుతుంది. ఆమ్లోడిపిన్, మెట్‌ఫార్మిన్ లాంటి అసలు పేర్లు ఎక్కడైనా ఒకటే. అసలు పేరు, ఎన్ని మిల్లీగ్రాములు, రోజుకు ఎన్నిసార్లు అని రాసుంటే తెలియని చోట కూడా సరైన మందు దొరుకుతుంది.

టీబీ. మామూలు టీబీకి చికిత్స సాధారణంగా 6 నెలలు. వాడుతున్న కొద్ది వారాలకే దగ్గు తగ్గి ఆకలి వేస్తుంది. సరిగ్గా అప్పుడే పని పిలుపు వస్తుంది, మందులు ఆగిపోతాయి. నాకు తెలిసిన ఒకాయన మూడో నెలలో కోతలకు వెళ్లాడు. కొత్తచోట కార్డు తెమ్మన్నారు. కార్డు ఇంట్లో ఉంది. కార్డు వచ్చేలోపు ఐదు వారాలు మందు లేకుండా గడిచిపోయాయి, దగ్గు మళ్లీ మొదలైంది. మధ్యలో ఆపిన టీబీ మందులకు లొంగకుండా మొండిగా మారవచ్చు. భారత్‌లో టీబీ రోగులను నిక్షయ్ అనే ఆన్‌లైన్ వ్యవస్థలో నమోదు చేస్తారు. ఆ నంబరు ఉంటే చికిత్సను వేరే జిల్లాకో రాష్ట్రానికో మార్పించుకోవచ్చు. అమెరికాలో మైగ్రెంట్ క్లినీషియన్స్ నెట్‌వర్క్ అనే సంస్థ ఊళ్లు మారే రోగుల రికార్డులు కొత్త ఆసుపత్రికి చేరేలా చూస్తుంది. ఎక్కడైనా అడగాల్సింది ఒకటే: "నా కేసును నేను వెళ్లేచోటికి బదిలీ చేయండి."

మూర్ఛ. ఈ మందు హఠాత్తుగా ఆపితే ఫిట్స్ ఒకదాని వెంట ఒకటి రావచ్చు. వారం రోజుల మందు ఎప్పుడూ అదనంగా ఉంచుకోండి. బావి గట్టున, యంత్రాల పక్కన పని వద్దని అడిగి తప్పించుకోండి.

ఇన్సులిన్. తెరవని సీసాలు 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో ఉండాలి. వాడుతున్న సీసాను మాత్రం నీడలో, ఎండ తగలకుండా, ప్యాకెట్ మీద రాసిన రోజుల వరకు బయట ఉంచవచ్చు. ఫ్రిజ్ లేనిచోట తడి ఇసుకలో పెట్టిన మట్టికుండ లోపల సీసాను నీళ్లు తగలకుండా పెడితే కొంత చల్లగా ఉంటుంది. ఎండలో నిలిపిన బండిలో మాత్రం ఎప్పుడూ వదలకండి.

బీపీ, షుగరు, హెచ్‌ఐవీ. వీటిలో ఒంటికి ఏమీ తెలియదు కాబట్టే మందు మానేస్తారు. పొద్దున్నే పనికి బయల్దేరే ముందు చేసే ఏదైనా ఒక పనితో మందును ముడిపెట్టుకుంటే మర్చిపోరు.

## 4. గర్భిణులు, పసిపిల్లలు

గర్భిణికి కనీసం 8 సార్లు ఆరోగ్య పరీక్ష జరగాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లో సూచించింది. కోత కాలంలో వీటిలో రెండు మూడు తప్పిపోవడం మామూలైపోయింది. చేరిన మొదటి వారంలోనే దగ్గరి ఆరోగ్య కేంద్రంలో పేరు రాయించండి. ప్రసవం ఎక్కడ జరగాలన్నది ఏడో నెలలోపే తేల్చుకోండి.

ఈ లక్షణాల్లో ఏది కనిపించినా సాయంత్రం వరకు ఆగకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి: రక్తస్రావం, తీవ్రమైన తలనొప్పితో పాటు చూపు మసకబారడం, ఫిట్స్, ముఖం వాయడం, ఉమ్మనీరు పోవడం, బిడ్డ కదలిక తగ్గడం, ఎక్కువ జ్వరం.

పిల్లల టీకా ఆలస్యమైతే మళ్లీ మొదటి డోసు నుంచి మొదలుపెట్టాల్సిన పని సాధారణంగా ఉండదు. ఆగినచోట నుంచి కొనసాగిస్తారు. "తేదీ దాటిపోయింది, ఇక వేయరు" అనుకుని తల్లులు ఊరుకుంటారు. కార్డు పట్టుకుని వెళ్లండి, వేస్తారు.

## 5. చేరిన మొదటి రెండు రోజులు

బస దొరికింది, సామాన్లు దించారు. పొయ్యి వెలిగించినంత తప్పనిసరిగా ఈ పని కూడా చేయండి. ఎవరికీ ఏ జబ్బూ లేనప్పుడే ఒకరు వెళ్లి దగ్గరి ఆరోగ్య కేంద్రాన్ని చూసి రావాలి.

- ఎన్ని గంటలకు తెరుస్తారు, ఎప్పుడు మూస్తారు, సెలవు ఏ రోజు?
- రాత్రి పూట తెరిచుండే ఆసుపత్రి ఏది, ఎంత దూరం?
- పాముకాటు మందు ఏ ఆసుపత్రిలో ఉంటుంది?
- అంబులెన్సు నంబరు ఎంత? భారత్‌లో చాలా రాష్ట్రాల్లో 108.
- రాత్రి ఎవరి బండి దొరుకుతుంది? ఆ మనిషి ఫోన్ నంబరు?
- మన భాష తెలిసినవాళ్లు అక్కడ ఎవరైనా ఉన్నారా?

ఇంకో పని. మీరున్న పొలం ఎక్కడుందో అంబులెన్సు డ్రైవరుకు ఎలా చెప్పాలో ముందే రాసిపెట్టుకోండి. పొలాలకు ఇంటి నంబర్లుండవు. దగ్గరి ఊరి పేరు, ఏ రోడ్డు, ఏ గుర్తు దగ్గర తిరగాలి అన్నవి ఒక కాగితం మీద రాసి, బస గోడకు అంటించండి. ఫోన్‌లో లొకేషన్ పంపడం కనీసం ఇద్దరికైనా నేర్పండి.

కేంద్రం పగలే తెరిచి, మీ పని వేళలతో కుదరకపోతే అక్కడి నర్సునో ఆరోగ్య కార్యకర్తనో కలిసి "వారంలో ఒక సాయంత్రం మా బస దగ్గరికి రాగలరా?" అని అడగండి. బస ఎక్కడుందో, ఎంతమంది ఉన్నారో చెబితే ఒప్పుకున్నవాళ్లను నేను చాలామందిని చూశాను. మీరు వచ్చినట్టే వాళ్లకు తెలియకపోతే రమ్మన్నా ఎవరు వస్తారు!

## 6. ఖర్చు ఎవరిది? అడగాల్సిన హక్కులు

నియమాలు దేశాన్ని బట్టి మారతాయి. ఒక్క మాట మాత్రం అన్నిచోట్లా అనవచ్చు: తాత్కాలిక, సీజన్ కూలీలకు కూడా శాశ్వత కూలీలతో సమానంగా భద్రత, ఆరోగ్య రక్షణ ఉండాలని అంతర్జాతీయ కార్మిక సంస్థ 2001 నాటి 184వ ఒప్పందం చెబుతోంది. ఒప్పందాన్ని ఆమోదించిన దేశాలే దానికి కట్టుబడి ఉంటాయి. అయినా యజమానితో మాట్లాడేటప్పుడు ఇది మంచి ఆధారం.

భారత్. 2018 సెప్టెంబరులో మొదలైన ఆయుష్మాన్ భారత్ పథకం కింద అర్హత ఉన్న కుటుంబానికి ఏడాదికి 5 లక్షల రూపాయల దాకా ఆసుపత్రి ఖర్చు వస్తుంది. పథకంలో ఉన్న వేరే రాష్ట్రంలో కూడా, జాబితాలో ఉన్న ఆసుపత్రిలో ఇది పనిచేస్తుంది. ఆసుపత్రిలో చేరితేనే వర్తిస్తుందన్నది గుర్తుంచుకోండి. ఓపీ చూపించుకోవడానికి, రోజువారీ మందులకు ఇది రాదు. సాయానికి 14555కు ఫోన్ చేయవచ్చు. రాష్ట్రం సొంత పథకం సరిహద్దు దాటాక పనిచేస్తుందా లేదా అన్నది బయల్దేరే ముందే కనుక్కోండి. ప్రమాదంలో ఉన్న మనిషికి ముందు వైద్యం చేసి తీరాలని సుప్రీంకోర్టు 1989లోనే చెప్పింది. "ముందు కేసు పెట్టి రండి" అని ఎవరైనా అంటే ఈ మాట చెప్పండి.

అమెరికా. 1962 చట్టంతో వలస వ్యవసాయ కూలీల కోసం ఆరోగ్య కేంద్రాలు మొదలయ్యాయి. అవి ఆదాయాన్ని బట్టి ఫీజు తీసుకుంటాయి, కట్టలేరన్న కారణంతో వెనక్కి పంపకూడదు. అత్యవసర విభాగానికి వెళ్తే డబ్బుతో సంబంధం లేకుండా పరీక్షించి, ప్రాణాపాయం లేకుండా చూడాలని 1986 చట్టం చెబుతుంది. సీజన్ వ్యవసాయ పని కోసం విదేశీ కూలీలకు ఇచ్చే హెచ్-2ఏ వీసా మీద కూలీలను తెచ్చుకున్న యజమాని పనిలో గాయాలకు బీమా చేయించాలి. ఈ బీమా పనివల్ల జరిగిన గాయాలకు, జబ్బులకే వర్తిస్తుంది, మామూలు జ్వరానికి రాదు.

ఏ దేశమైనా సరే, పనికి ఒప్పుకునేటప్పుడే యజమానిని ఈ నాలుగూ అడగండి: దెబ్బ తగిలితే ఆసుపత్రి ఖర్చు ఎవరిది, బండి ఎవరిది, ఆ రోజుల కూలి సంగతేంటి, తాగునీరు మరుగుదొడ్డి ఎక్కడ. జవాబులు నలుగురి ముందు చెప్పించండి. వీలైతే రాయించుకోండి.

## 7. మొదటి వారం ఎండ

ఎండదెబ్బకు ఎక్కువగా బలయ్యేది కొత్తగా పనిలో దిగినవాళ్లే. ఒళ్లు ఎండకు అలవాటు పడటానికి కొన్ని రోజులు పడుతుంది. కొత్తవాళ్లకు మొదటి రోజు మామూలు పనిలో ఐదో వంతే ఇవ్వాలని, రోజుకు ఇంకో ఐదో వంతు చొప్పున పెంచాలని అమెరికా వృత్తి ఆరోగ్య పరిశోధన సంస్థ నయోష్ సలహా ఇస్తుంది. కిలోల లెక్కన కూలి ఇచ్చేచోట ఇది ఎవరికీ నచ్చదు. అయినా మొదటి మూడు రోజులకు రోజు కూలి లెక్కన ఒప్పందం చేసుకోమని మేస్త్రీలను బతిమాలుతాను.

నీళ్లు: ప్రతి 15-20 నిమిషాలకు ఒక గ్లాసు. దాహం వేసేదాకా ఆగకూడదు. గంటకు లీటరున్నరకు మించి కూడా తాగకూడదు. కూలి ఎక్కడ తగ్గుతుందోనని ఒక్కరే ఆగి నీళ్లు తాగరు, అందుకే ఈల వేసి అందరినీ ఒకేసారి ఆపండి.

ఆడవాళ్లు నీళ్లు తక్కువ తాగడానికి కారణం మరుగుదొడ్డి లేకపోవడం. నీళ్ల బిందె పెట్టి, మరుగు సంగతి పట్టించుకోకపోతే ఆ నీళ్లు వాళ్లు ముట్టుకోరు. కనీసం నాలుగు వైపులా పరదా కట్టిన చోటు ఉండాలి.

ఒళ్లునొప్పులకు డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటి మాత్రలు, ఇంజెక్షన్లు రోజూ తీసుకోకండి. ఒంట్లో నీరు తగ్గినప్పుడు అవి కిడ్నీలను దెబ్బతీస్తాయి. మధ్య అమెరికా చెరకు తోటల్లో వేలమంది యువ కూలీల కిడ్నీలు పాడయ్యాయి. ఎండలో చెమటోడ్చే పని, నీరు చాలకపోవడం అందుకు ముఖ్య కారణాలై ఉంటాయని పరిశోధకులు గట్టిగా అనుమానిస్తున్నారు.

మాట తడబడుతున్నా, అయోమయంగా ఉన్నా, స్పృహ తప్పినా అది వడదెబ్బ. ముందు చల్లబరచండి, తర్వాత తరలించండి. నీడకు తెచ్చి, బట్టలు వదులు చేసి, ఒళ్లంతా నీళ్లు పోసి విసరండి. అంబులెన్సు వచ్చేదాకా ఆపకండి. స్పృహ లేని మనిషి నోట్లో నీళ్లు పోయకూడదు.

## 8. పొలంలో జరిగే ప్రమాదాలు

పురుగుమందు. కంటిపాప సూదిమొనంత చిన్నదవడం, నోట్లో నీళ్లు ఊరడం, చెమటలు, వాంతులు, విరేచనాలు, కండరాలు అదరడం, ఆయాసం. ఇవి కలిసి కనిపిస్తే పురుగుమందు విషం అని అనుమానించండి.

1. మనిషిని మందు లేని చోటికి తీసుకురండి. సాయం చేసేవాళ్లు చేతులకు తొడుగులు లేదా ప్లాస్టిక్ కవర్లు వేసుకోవాలి.
2. తడిసిన బట్టలు తీసేయండి.
3. సబ్బుతో ఒళ్లు, జుట్టు కనీసం 15 నిమిషాలు కడగండి. కళ్లలో పడితే మంచినీళ్లతో అంతసేపూ కడగండి.
4. వాంతి చేయించకండి.
5. మందు డబ్బా లేబుల్ ఫోటో తీసుకుని ఆసుపత్రికి వెళ్లండి. విరుగుడు ఏమివ్వాలో డాక్టరు ఆ లేబుల్ చూసే తేల్చుకుంటారు.

మందు కొట్టిన పొలంలోకి ఎన్ని గంటల తర్వాత దిగాలన్నది లేబుల్ మీద ఉంటుంది. పనిలోకి దిగే ముందు "ఏ మందు కొట్టారు, ఎప్పుడు కొట్టారు?" అని రోజూ అడగండి.

పాము. కరిచిన కాలో చెయ్యో కదలకుండా కట్టెతో ఆనించి ఉంచండి. ఉంగరాలు, పట్టీలు తీసేయండి. గట్టిగా తాడు కట్టడం, కోయడం, నోటితో పీల్చడం వద్దు. పామును వెతకకండి, ఆ సమయంలో ఆసుపత్రి దారి పట్టండి. మొదటి రోజే కనుక్కున్న పాముకాటు మందున్న ఆసుపత్రికి నేరుగా వెళ్లండి.

కుక్క. గాయాన్ని సబ్బు, ధారగా పడే నీళ్లతో 15 నిమిషాలు కడిగి అదే రోజు టీకా వేయించండి. మధ్యలో ఊరు మారినా మిగతా డోసులు కార్డు చూపించి కొత్తచోట వేయించుకోవాలి.

## 9. డాక్టరు ఎదుట

మూడు మాటలు చెప్పాలి: ఏమైంది, ఎప్పటి నుంచి, ఏం పని చేస్తున్నారు. మూడోది దాదాపు ఎవరూ చెప్పరు. "వాంతులు" అంటే తిండి పడలేదనుకుంటారు. "నిన్న మందు కొట్టిన చేలో కోత కోశాను, వాంతులు" అంటే పరీక్ష వేరేగా ఉంటుంది.

భాష రాకపోతే పిల్లలతోనో యజమానితోనో చెప్పించకండి. యజమాని ముందు కూలీ నిజం చెప్పలేదు. ఆడవాళ్ల సమస్యలు పిల్లలతో చెప్పించలేం. రెండు భాషలూ వచ్చినవాళ్లను ముందే మాట్లాడి పెట్టుకుని, డాక్టరు ఎదుట ఫోన్ స్పీకర్‌లో పెట్టండి.

లేచి వచ్చే ముందు అడగాల్సినవి:

- జబ్బు పేరేంటి? కాగితం మీద రాస్తారా?
- మందు ఎన్ని రోజులు? తగ్గినా వాడాలా?
- ఏ లక్షణం కనిపిస్తే వెంటనే రావాలి?
- మళ్లీ చూపించుకునే రోజుకి నేను ఇక్కడ ఉండను, ఎక్కడ చూపించుకోవాలి?
- పరీక్ష రిపోర్టు ఏ నంబరుకు పంపుతారు?

## 10. తరచూ జరిగే పొరపాట్లు, సరిదిద్దే దారి

"కోత అయ్యాక చూద్దాం." జ్వరం మూడో రోజుకీ తగ్గకపోతే, ఆయాసం, నెత్తురు, అయోమయం ఉంటే ఆ రోజే వెళ్లాలి. వెళ్లిన మనిషి కూలి నష్టంలో ముఠా అంతా కొంత పంచుకోవాలని ముందే మాట్లాడుకోండి. అలా మాట్లాడుకున్న ముఠాల్లో జబ్బు దాచడం తగ్గడం నేను కళ్లారా చూశాను.

అందరికీ ఒకే మాత్ర. ఒకరికి రాసిన యాంటీబయాటిక్‌ను బసలో పంచుకుంటారు. చీటీ ఎవరిదో మందు వాళ్లకే.

విరేచనాలకు నీళ్లు ఆపడం. ఓఆర్ఎస్ ప్యాకెట్లు వెంట తీసుకెళ్లండి. లేకపోతే లీటరు శుభ్రమైన నీళ్లలో 6 చదును చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలపండి. ఇక్కడ చెంచా అంటే టీ చెంచా. ఉప్పు ఎక్కువైతే ప్రమాదం కాబట్టి కొలిచే వేయండి.

మనసు సంగతి వదిలేయడం. నిద్ర పట్టకపోవడం, ఊరికే ఏడుపు రావడం, తాగుడు పెరగడం, చచ్చిపోతాననడం. ఇంటికి దూరంగా, అప్పుల టెన్షన్‌తో బతికేవాళ్లలో ఇవి వస్తాయి. చచ్చిపోతానన్న మనిషిని ఒంటరిగా వదలకండి, పురుగుమందు డబ్బాలు తాళం వేసి ఉంచండి, మర్నాడే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

తిరిగొచ్చాక కవరు అటక మీద పడేయడం. ఇంటికి చేరిన వారంలోపు కొత్త చీటీలు, రిపోర్టులు మీ డాక్టరుకు చూపించండి. దూరాన ఇచ్చిన ఏ మందు కొనసాగించాలో, ఏది ఆపాలో రాయించుకోండి. గడువు దాటిన మాత్రలు తీసేసి, కొత్త కాగితాల ఫోటోలు తీసి, కవరు మళ్లీ ప్రయాణం సంచీలోనే పెట్టండి.